ట్రాక్టర్‌కూ బాయిలర్‌కూ నడుమ నా బండి

నా కొత్త బండినీ, నా పరువునూ ఒకే తాడుకు కట్టి ఊరంతా చూస్తుండగా లాక్కెళ్లిన కథ ఇది. చివర్లో ఏం జరుగుతుందో ముందే చెప్పేశాను కాబట్టి జాలిపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నవ్వేవాళ్లు సర్దుకుని కూర్చోండి.

నేను దుబాయిలో డ్రైవర్‌గా చేసినవాణ్ని. మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఒక పడవ ఉండేది. దాన్ని ట్రాలీ మీద పెట్టి, పెద్ద పికప్‌కు తగిలించి, సముద్రం దాకా లాక్కెళ్లడం నా పని. రోడ్డు నున్నగా ఉండేది, పడవేమో తేలిక. స్టీరింగ్ మీద ఒక వేలు పెడితే చాలు. జగిత్యాల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చేసరికి, ఈ భూమి మీద లాగదగ్గ వస్తువులన్నీ లాగేసిన మొనగాణ్నని నాకు గట్టి నమ్మకం.

ఊళ్లో మా బాపుకు ఒక పాత ట్రాక్టర్ ఉండేది. పక్క వాడలో ఉండే మా అక్క సుజాత పసుపు వేస్తుంది. బావ మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి పొలం భారమంతా ఆమెదే. పసుపు తవ్వడంతో పని అయిపోదు. ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. ఉడకబెట్టే బాయిలర్ అంటే రెండు చక్రాల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద ఇనుప డ్రమ్ములు. మా దిక్కు అది ఊరూరూ తిరుగుతుంది. వంతు వచ్చినవాళ్లే పోయి ముందు వంతు వాళ్ల ఊరి నుంచి గుంజుకొచ్చుకోవాలి. రాకపోతే అది ఇంకో ఊరికి పోతుంది, తవ్విన పసుపు కుప్పలోనే చెడిపోతుంది. ఏటా అక్కకు దాన్ని తెచ్చిపెట్టేది బాపు ట్రాక్టరే.

ఆ ట్రాక్టర్‌ను నేను అమ్మించాను. "బాపూ, ఎండల గా ఇనుప సీటు మీద ఎన్నొద్దులు కూసుంటవు? పికప్ తీస్కుందాం. ఏసీల కూసొని పోదాం, బాయిలర్ గూడ గుంజుకొద్దాం" అన్నాను.

"నీ ఇష్టం" అన్నాడు బాపు. తండ్రి నోట ఈ మాట వచ్చిందంటే కొడుకు అక్కడే ఆగిపోవాలి. నేను ఆగలేదు. మా వాడలోని మల్లయ్య ట్రాక్టర్ కొనుక్కుని తోలుకుపోయాడు.

కరీంనగర్ షోరూంలో సేల్స్ అబ్బాయి మర్యాదస్తుడు. "ఏం పనికి సార్?" అని అడిగాడు.

"గుంజెటందుకు" అన్నాను.

"ఎంత బరువుంటది సార్?"

"తమ్మీ, నేను దుబాయిల పడవలను గుంజినోన్ని."

అతను మూలకు నిలబెట్టిన బండి దగ్గరికి తీసుకెళ్లాడు. ముందు రెండే సీట్లు. వెనక చక్రాల మీద బరువు మోసే దళసరి ఇనుప పట్టీలు. ఏసీ లేదు. "బరువు గుంజాల్నంటె ఇదే మంచిది సార్" అన్నాడు.

"ఏందయ్యా, కూరగాయలు అమ్ముకొమ్మంటవా?" అన్నాను. నా కళ్లు అప్పటికే ఎర్రగా మెరుస్తున్న నాలుగు తలుపుల బండి మీద ఉన్నాయి. బాపు వంగి దాని కిందికి చూసి, "గీనికి ఎనుక బాయిలర్ తగిలించె కొండి ఏదిరా?" అన్నాడు.

"పెట్టిస్తరు బాపూ, నువ్వు పరేషాన్ గాకు."

ఇక్కడ నవ్వు కాస్త పక్కన పెట్టి ఒక నిజం చెప్పాలి. దుబాయిలో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. అర్బాబ్ వెనక కూర్చునేవాడు. పక్కన నీళ్ల సీసా ఉండేది, అదే నా తోడు. అక్కడున్నన్నాళ్లూ ఆ సీటులో బాపును కూర్చోబెట్టుకుని పోతున్నట్టు ఊహించుకునేవాణ్ని. అందుకే షోరూంలో ఇంజనూ చూడలేదు, పట్టీలూ చూడలేదు. మెత్తటి సీట్లు చూసి బండి కొన్నాను.

ఆ సీటులో బాపు కూర్చుంటేనా! "జర ఎక్కరాదు బాపూ" అంటే, "నాకు నడుసుడే మంచిగుంటది" అని తువ్వాల భుజాన వేసుకుని నడిచేవాడు. ఆయన నడుస్తుంటే పక్కనే ఏసీ వేసుకుని నేను మెల్లగా బండి నడిపేవాణ్ని. చూసినవాళ్లు ఏమనుకున్నారో నేను అడగలేదు.

పసుపు తవ్వడం అయింది. అక్క వంతు వచ్చిన రోజే మబ్బు పట్టింది. "తమ్మీ, ఇయ్యాల బాయిలర్ రాకపోతె నా పసుపు మొత్తం ఖరాబైతది. నీ మీదనే ఉన్న" అంది అక్క.

"అక్కా, గంటల నీ పొలం కాడుంటది" అన్నాను. బాపు కూడా బాయిలర్ ఉన్న పక్క ఊరికి వచ్చాడు, నడుచుకుంటూనే.

బాయిలర్‌ను కొండికి తగిలించగానే నా బండి తోక నేలకు వంగింది, మూతి ఆకాశం వైపు లేచింది. పడవ ఎప్పుడూ ఇలా చేయలేదే అనుకున్నాను. చదును రోడ్డు మీద ఎలాగో నడిచింది. వాగు దాటి గడ్డ ఎక్కేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నా మాట వినడం మానేసింది. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్టున్నాయి, వెనక చక్రాలు గుంత తవ్వుతున్నాయి. నేను ఇంకా గట్టిగా తొక్కాను. గుప్పున కాలిన వాసన వచ్చింది.

"ఏమన్న వండుతున్నవా కొడుకా?" అన్నాడు బాపు బయట నిలబడి.

క్లచ్ కాలిపోయింది. కొండి వంగి బిగుసుకుపోయింది, బాయిలర్ విడిపోదు. పైన మబ్బు నల్లబడుతోంది. నాకు అక్క ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది. "బాపూ, ఎట్లనే?" అన్నాను. బాపు మల్లయ్యకు ఫోన్ చేశాడు.

ట్రాక్టర్ వచ్చింది, మాదే, అంటే మాది కానిదే. మల్లయ్య నా బండి ముందు భాగానికి గట్టి తాడు కట్టి, "ముంగట లేస్తుంది. బరువు గావాలె. ఎక్కు కాకా" అన్నాడు బాపుతో.

అలా మా బాపు మొట్టమొదటిసారి నా పక్క సీటులో కూర్చున్నాడు. కాసేపటికి, "గీ గాలి ఎక్కడికెల్లి వస్తుందిరా?" అన్నాడు. ఇంజన్ బాగానే ఉంది కాబట్టి ఏసీ నడుస్తోంది. గాలి వచ్చే జాలీని ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ముందు ట్రాక్టర్, నడుమ మేము, వెనక బాయిలర్. ఊరు ఊరంతా బయటికొచ్చింది. కొత్త బండి ఊరేగింపు అనుకుని ఎవరో దండం కూడా పెట్టారు. చినుకు పడకముందే పొలం చేరాం. అక్క పరుగెత్తుకొచ్చి బాయిలర్‌ను చూసి, "బతికిచ్చినవు మల్లన్నా!" అంది. తర్వాత మా వైపు తిరిగి, "బాయిలర్‌ను ట్రాక్టరే గుంజితె, నడుమ గిదెందుకు తమ్మీ?" అని అడిగింది.

బాపు అద్దం దించి తల బయటపెట్టాడు. "సల్లగ కూసునెటందుకు బిడ్డా!"

ఆ సాయంత్రం ఉడుకుతున్న పసుపు సాక్షిగా, పొగలో మండుతున్న కళ్లతో ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఏ బండి కొన్నా ముందు దాని పట్టీలకు మొక్కుతాను, కొండికి బొట్టు పెడతాను, సీట్ల వైపు కన్నెత్తి చూడను. పడవ అనే మాట నోటెంట రానివ్వను.

ప్రతిజ్ఞ విని బాపు బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత తువ్వాల దులిపి, పోయి, బాయిలర్ విడదీశాక కూడా కదలని నా బండిలో కూర్చుని, తలుపు వేసుకున్నాడు. "ఇంటికి పోదాం పా. మల్లయ్యను పిలువు, తాడు కడ్తడు."