రెండో డబ్బా

సౌదీ జాతీయ దినం నాడు, ఖఫ్జీ నుంచి రియాద్ వచ్చే బస్సులో జగిత్యాల మనిషి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. సౌదీలకే ఉద్యోగాలన్న నితాకత్‌లో పని పోయి ఇంటికెళ్తున్నాడు. సంచిలోంచి రెండు బీరు డబ్బాలు తీశాడు.

“మందు లేనియే అన్నా. ఇంగ్లండుది నాది, జర్మనీది మా రూమ్ దోస్తుది. పంద్రాగస్టుకు, ఈళ్ల పండుగకు కలిసి తాగేటోళ్లం. మొన్న వాడు సచ్చిపోయిండు. వాని పేరు మీద నువ్వు తాగు.”

“నేను విశ్వాసిని, బీరు ముట్టను” అన్నాను.

“బార్లీ నీళ్లే గదన్నా!” అని నవ్వబోయి ఆగిపోయాడు. రియాద్ దాకా ఆ రెండు డబ్బాలూ తెరవలేదు.

చర్చికి అనుమతి లేని ఈ దేశంలో, తలుపులు మూసుకున్న గదిలో, ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందుకున్నప్పుడల్లా బస్సులో ఆ జగిత్యాల మనిషి డబ్బాతో చాచిన చెయ్యి గుర్తొస్తుంది. మా గిన్నెలోనూ ఉన్నది మత్తులేని ద్రాక్షరసమే. మేమూ, చనిపోయిన మా ప్రభువును తలుచుకునే తాగుతాం.