నెల కాదు, మూడు నెలలు

గల్ఫ్‌కొచ్చి మేము దార్సైట్‌లో కాపురం పెట్టిన మూడో ఏడు అది. మా ఆవిడకు ఏడో నెల. ఒక శుక్రవారం పొద్దున, ఓనరు తరఫున మా బిల్డింగ్ చూసుకునే మనిషి వచ్చాడు. ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరిందట, కొత్త జంటకు మా ఫ్లాటే కావాలట, నెలలో ఖాళీ చెయ్యాలట. అగ్రిమెంటు తీసి చూపించాడు. ఓనరు ఎప్పుడడిగినా నెలలోగా ఖాళీ చెయ్యాలని అందులో రాసే ఉంది. కింద నా సంతకం.

ఎదురు ఫ్లాటులో ఉండే కడపాయన టైపింగ్ సెంటర్‌లో అరబ్బీ కాగితాలు నింపుతాడు. మా ఆవిడ నన్ను ఆయన దగ్గరకు తోలింది. ఆయన అగ్రిమెంటు తిరగేసి నవ్వాడు.

"ఈ మాట చెల్లదు భాయ్. మీరూ మీరూ ఏం రాసుకున్నా, దేశం చట్టం దానికి పైన ఉంటాది. గడువు తీరేదానికి మూడు నెలల ముందే నోటీసు ఇయ్యాల. నీ గడువెప్పుడు?"

"ఇంకా ఐదు నెలలుంది."

"అయితే కూసో, టీ తాగు."

నాకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు కోపమూ వచ్చింది. కంప్లైంట్ పెడతానన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"కేసులు గీసులు ఎందుకు? ఆ ఓనరు పెద్దమనిషినే అడుగుదాం. నేను గూడ వస్తా."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కడపాయన కారులో ముగ్గురం ఓనరు ఉండే ఊరు సమాయిల్ వెళ్లాం. దారి పొడుగునా హిందీలో ఏమనాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఖర్జూర తోట పక్కనే ఓనరు ఇల్లు. ముసలాయన చాప మీద కూర్చోబెట్టి, పళ్లూ, అరబ్బీ కాఫీ కహ్వా పెట్టించి, తర్వాతే ఎందుకొచ్చారని అడిగాడు. కడపాయన అరబ్బీలో ఆ ఒక్క లైనూ చదివి, చట్టం సంగతి చెప్పాడు.

ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "హమ్ భీ నహీ పఢా!" అన్నాడు. టైపిస్టు వేలు పెట్టిన చోట చదవకుండానే ఆయనా సంతకం చేశాడట. తర్వాత మా ఆవిడ వైపు చూసి, "బచ్చా కబ్?" అని అడిగాడు. ఇంకా రెండు నెలలన్నట్టు ఆమె రెండు వేళ్లు చూపించింది. వెంటనే కొడుక్కి ఫోన్ చేసి, పెళ్లయినా గడువు తీరేదాకా సమాయిల్‌లోనే ఉండమని గట్టిగా చెప్పాడు.

పాప ఆ ఫ్లాటులోనే పుట్టినట్టు లెక్క. ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే తెచ్చాం. గడువు తీరాక రెండు వీధుల అవతలికి మారాం. ఆ రోజు పెళ్లికొడుకే పికప్ వేసుకుని వచ్చాడు. తెల్లటి దిష్‌దాషా అంగీ మోకాళ్ల పైకి మడిచి, మా బీరువా ఒక చివర తనే పట్టుకుని, మెట్ల మీద నాకు దారి చెబుతూ దిగాడు.