కింది పైపు వెచ్చబడేదాకా

నా గొప్ప నేను చెప్పుకోకూడదు గాని, చెప్పేవాళ్లు ఒక్కొక్కరే పోయాక ఇంకెవరు చెబుతారు? ఊరిబడిలో అయిదో తరగతితో పలక పక్కన పెట్టినవాణ్ణి. ఒకే యజమాని దగ్గర, ఒకే కారు, జుట్టు నెరిసేదాకా నడిపాను. కొండదారుల్లో కొత్త కార్లు మూతలు తెరుచుకుని ఆవిర్లు కక్కుతుంటే, నేను ఆయన కడుపులో చల్ల కదలకుండా పైకి తీసుకెళ్లేవాణ్ణి. ఒకసారి కొండ దిగాక ఆయన తన గడియారం విప్పి నా చేతికి పెట్టాడు. నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్లు ఇవాళ బస్సులు నడుపుతున్నారు. దారిలో నా ఇంజను ఏనాడూ మరగలేదు. ఈ మాట నేను చెప్పుకోని చోటు లేదు.

అయితే ఆ ఘనతలో సగం మా బావమరిదిది. వాడు చెప్పుకునే రకం కాదు, ఇప్పుడు అసలు లేడు. అందుకని నేనే రాస్తున్నాను.

నా భార్యకు తమ్ముడు. రేడియేటర్లు తప్ప మరో పని ముట్టుకునేవాడు కాదు. అందరూ నీళ్ల మేస్త్రి అనేవారు. వాడిది రేకుల షెడ్డు. లోపల ఒక సిమెంటు తొట్టి, గోడ మేకులకు వేలాడే రబ్బరు పైపులు. రేడియేటరును తొట్టిలో ముంచి గాలి కొట్టేవాడు. బుడగ లేచిన చోట టంకం పెట్టేవాడు.

మా కారు చాలా పాతకాలపుది. నీళ్లను తోసే పంపు దానికి లేదు. ఇంజను చుట్టూ కాగిన నీళ్లు తేలికై పై పైపులోంచి రేడియేటరు తల మీదికి ఎక్కుతాయి. అక్కడినుంచి సన్నటి గొట్టాల్లో దిగుతూ గాలికి చల్లారి, బరువెక్కి, కింది పైపులోంచి మళ్లీ ఇంజనులోకి పోతాయి. పై పైపు నోరు ఎప్పుడూ మునిగి ఉండాలి, అంతే. నీటిమట్టం ఆ నోటికి దిగువకు పోయిందా, తిరుగుడు ఆగిపోతుంది. "నీళ్లంటే మా ఇంటికొచ్చిన అల్లుడే బావా. పోనిస్తే పోతాడు, ఆపితే కూర్చున్నచోటే ఉడుకుతాడు" అని నన్ను ఆటపట్టించేవాడు.

వాడు పరీక్షించే తీరు వేరు. ఇంజను నడుస్తుండగా ఎడమచేయి పై పైపు మీద, కుడిచేయి కింది పైపు మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. పైది ముందు చురుక్కుమంటుంది. కాసేపటికి కిందిది వెచ్చబడితే నీళ్లు తిరుగుతున్నట్టు. ఆ చేతులు ఒక్కసారి కూడా తప్పు చెప్పగా నేను చూడలేదు.

వాడికి చక్కెర జబ్బు వచ్చింది. కొన్నేళ్లకు షెడ్డు మూసేశాడు. నడుం నొప్పి అన్నాడు, నమ్మాం. వాళ్లింటికి వెళ్తే వాడి భార్య నాకు పొగలు కక్కే టీ ఇచ్చి, వాడిది మాత్రం రెండు గ్లాసుల్లో తిరగపోసి, తన వేలు గ్లాసుకు ఆనించి చూసుకుని మరీ చేతికిచ్చేది. పసిపిల్లాడివయ్యావేంట్రా అని ఎగతాళి చేశాను. వాడు నవ్వాడు. ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది.

మా యజమాని పోయాక ఆయన కూతురు కారును పాత బండ్ల మ్యూజియానికి ఇస్తానంది. తనంతట తాను నడిచొస్తేనే తీసుకుంటామన్నారు వాళ్లు. నేను మానేశాక మూలనపడ్డ దాన్ని బయటికి తీసి చూస్తే, వీధి చివరికి వెళ్లేలోగా మరిగిపోయింది. నేనున్నంతకాలం మరగని ఇంజను! నేరుగా బావమరిది దగ్గరికి వెళ్లాను. రానన్నాడు. ఆ బండిని నా కళ్లముందే తాడు కట్టి లాక్కుపోనిస్తావా అన్నాను. చివరికి చొక్కా తొడుక్కున్నాడు. వాడి భార్య గుమ్మం దాకా వచ్చి, "అన్నయ్యా, పక్కనే ఉండండి" అంది. నడుం గురించి అనుకున్నాను.

యజమాని ఇంటి ఆవరణలోనే, వాడు చెప్పినట్టల్లా మరలు విప్పాను. లోపలినుంచి ఎర్రటి తుప్పుబురద వచ్చింది. తెల్లనీళ్లు వచ్చేదాకా కడిగాం. మళ్లీ నింపి ఇంజను స్టార్టు చేశాం. వాడు పైపుల మీద చేతులు వేసి కళ్లు మూసుకున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉండి, చివరికి, "తిరుగుతోంది బావా" అన్నాడు.

సంతోషంకొద్దీ నేనూ చెయ్యి వేశాను. పైది చుర్రుమంది, చెయ్యి లాక్కున్నాను. కిందిది చూస్తే బావినీళ్లలా చల్లగా ఉంది. వాడి ఎడమచేయి మాత్రం పై పైపు తగిలించిన ఇత్తడి మెడ మీదే ఉంది.

"చెయ్యి తియ్యరా" అని లాగాను. అరచేయి ఎర్రగా కమిలి, పొక్కులు లేస్తోంది. వాడు దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు.

"ఎన్నాళ్లయిందిరా?"

"ముందు పాదాలకు స్పర్శ పోయింది. తర్వాత వీటికి. మా ఆవిడకొక్కదానికే తెలుసు."

"మరి తిరుగుతోందని ఎందుకన్నావు?"

"ఇంతసేపటికి ఎప్పుడూ తిరిగేది బావా."

ఆ టీ గ్లాసులు గుర్తొచ్చాయి. ఇంజను ఆపి, చేతిమీద నీళ్లు ధారగా పోసి, గుడ్డ చుట్టాను. ఆసుపత్రికి పదమంటే కదల్లేదు. ఇంకో మెకానిక్కును పిలుస్తానన్నాను.

"ఇంకొకణ్ణి పిలిస్తే ఇక నేను మేస్త్రిని కాదు. నీ చెయ్యి ఇయ్యి, చాలు" అన్నాడు.

వెంటనే రేడియేటరులో నీళ్లు పోయబోతే ఆపాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే ఇంజనే పగులుతుందట. ఇనుము చల్లారేదాకా ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. తర్వాత మూత తీయించి, పై పైపును పిసకమన్నాడు. లోపల చిక్కుకున్న గాలి బుడబుడమంటూ బయటికొచ్చింది. నీటిమట్టం దిగిపోయింది. పైపు నోరు మునిగేదాకా మెల్లగా పోయించి, మళ్లీ స్టార్టు చెయ్యమన్నాడు.

కింది పైపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చల్లగానే ఉందన్నాను. ఇప్పుడో అన్నాడు. ఏదో తేడా తెలుస్తోందన్నాను.

"తేడా అంటే కాదు బావా. ఎట్లా ఉందో చెప్పు."

ఏ సభలో నిలబెట్టినా తడుముకోని నాకు మాట దొరకలేదు. చివరికి, "నిద్ర లేచిన పిల్లాడి బుగ్గలా ఉందిరా" అన్నాను.

"అయితే తిరుగుతోంది" అని, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

కారును మ్యూజియం దాకా నేనే నడిపాను. అంత ఎండలోనూ మరగలేదు. అక్కడివాళ్లు చప్పట్లు కొట్టారు. వాడు నా పక్క సీట్లో, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక ఇది కదలదు, తుప్పు పట్టకుండా నీళ్లు తీసేయమన్నారు. ఆ పని వాడే చేస్తానన్నాడు.

ఇంజను చల్లారనిచ్చాం. వాడు వంగి అడుగునున్న కుళాయి తిప్పాడు. ధార మొదలవగానే ముందు నా వేళ్లు పెట్టి చూశాను. కాలడం లేదు. అప్పుడు వాడి కుడిచేతి మణికట్టు పట్టుకుని ధార కిందికి తెచ్చాను.

"వెచ్చగా ఉన్నాయా బావా?"

"ఉన్నాయిరా."

ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా వాడు చెయ్యి తీయలేదు.