ఆ ఫోన్ ఆగిపోవాలని ప్రార్థించాను

సహోదరులారా, సహోదరీలారా, ముందుగా మీ అందరి దగ్గరా ఒక తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ కిందట ఇదే మైకు పట్టుకుని, మా పాపకు పూర్తి స్వస్థత వచ్చేసింది, ఇక మందులతో పనిలేదు అని నేను చెబితే మీరందరూ చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించారు. ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. నిజమేమిటో ఈ రోజు చెబుతాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు సువార్త, మాది ఉయ్యూరు దగ్గర పల్లె, మా ఆయన ఏసుబాబు చెరకు ట్రాక్టరు తోలతారు. మా హెప్సిబాకు అప్పుడు నాలుగేళ్ళు. ఒకరోజు గౌను తొడుగుతుంటే పొట్టలో ఎడమ పక్కన నా చేతికి గట్టిగా ఏదో తగిలింది, నొప్పి లేదంటుంది, ఆడుకుంటుంది, అన్నం తింటుంది, అజీర్తేమోలే అనుకుని వాము నీళ్ళు పట్టించాను, పది రోజులకు మూత్రంలో ఎర్రజీర కనపడింది! విజయవాడ ఆసుపత్రికి పరుగెత్తాం, స్కానింగ్ తీశారు, డాక్టరమ్మ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, "కిడ్నీలో గడ్డ అమ్మా, క్యాన్సరే, కానీ చిన్నపిల్లలకు వచ్చే ఈ రకం మందులకు లొంగుతుంది, చివరిదాకా వాడితే చాలామంది బతుకుతున్నారు" అన్నారు. నాకు క్యాన్సర్ అన్న ఒక్క మాటే వినపడింది, చివరిదాకా అన్నది వినపడలేదు.

ముందు కొన్ని వారాలు సెలైన్‌లో మందు ఎక్కించి గడ్డను చిన్నది చేశారు, తర్వాత ఆపరేషన్ చేసి ఆ కిడ్నీ తీసేశారు, ఒక్క కిడ్నీతో బిడ్డ బాగానే బతుకుతుందన్నారు, ఆపైన ప్రతి మంగళవారం ఇంజెక్షన్‌కి రమ్మన్నారు. ఆ మంగళవారాలంటే నాకు హడలు! జుట్టంతా దిండు మీద రాలిపోయింది, నోరంతా పుళ్ళు, బస్సు కంకిపాడు దాటగానే పిల్ల నా కొంగు పట్టుకుని "ఇవాళ వద్దమ్మా, రేపు వెళ్దామమ్మా" అని ఏడ్చేది. కుట్లు మానిపోయాయి, పొట్ట మెత్తగా ఉంది, దేవుడు బాగుచేశాడు కదా, ఇంకా నా బిడ్డను ఎందుకు పొడిపించాలి అనుకున్నాను. మా ఆయన "డాక్టరమ్మ గారు ఇంజెక్షన్లు ఇంకా ఉన్నాయన్నారు కదే" అంటే "మీకు విశ్వాసం లేదు" అని నోరు మూయించాను. పిల్ల ఏడుపు చూడలేని నా పిరికితనానికి విశ్వాసమని పేరు పెట్టి, ఆ ఆదివారమే మీ ముందు సాక్ష్యం చెప్పాను.

మంగళవారం వెళ్ళలేదు. బుధవారం ఫోన్ వచ్చింది. వార్డులో నర్సు, కుమారి సిస్టర్ గారు. "హెప్సి వాళ్ళమ్మేనా? నిన్న రాలేదేమ్మా, పాప బాగుందా?" ఊళ్ళో లేమండీ అని అబద్ధం చెప్పాను. మరుసటి బుధవారం మళ్ళీ చేశారు, జ్వరం అన్నాను. మూడోసారి ఆవిడ గొంతు మారింది, "అమ్మా, నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే. కంటికి కనపడనిది లోపల మిగిలి ఉంటుంది, దానికోసమే ఈ ఇంజెక్షన్లు, దయచేసి తీసుకురండి" అన్నారు. పెట్టేశాను. ఆ తర్వాత ఆ నంబరు నుంచి మోగుతుంటే ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేదాన్ని.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరించి నేను అడిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. "ప్రభువా, ఆ సిస్టర్ ఇంక ఫోన్ చేయకుండా చూడు తండ్రీ, నాకు నెమ్మది ఇవ్వు తండ్రీ" అన్నాను. బుధవారం వచ్చింది. ఫోన్ రాలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చూశాను. అడిగిందే జరిగింది, మరి నెమ్మది ఏదీ? నా బిడ్డ ఎలా ఉందని అడిగే మనిషిని ఆపమని దేవుణ్ణే అడిగానా! ఇక పిల్ల తుమ్మినా భయం, దగ్గినా భయం, నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. శనివారానికి తట్టుకోలేక నేనే ఫోన్ చేశాను. వేరే సిస్టర్ ఎత్తారు. "కుమారి గారు సెలవులో ఉన్నారండీ, మీ పాప పేరు ఇక్కడ రాసి అంటించి వెళ్ళారు, వాళ్ళమ్మ చేస్తే ఏమీ అనకండి, రమ్మని చెప్పండి అని." ఫోన్ చేతిలో ఉండగానే నేల మీద కూలబడి ఏడ్చాను.

సోమవారం వెళ్ళాం. స్కానింగ్ కాగితం వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చున్న గంటలు పగవాళ్ళకు కూడా వద్దు. "తండ్రీ, నా తప్పుకు నన్ను కొట్టు, పిల్లను వదిలెయ్యి తండ్రీ", అదే మాట, మళ్ళీ మళ్ళీ అదే మాట. డాక్టరమ్మ గారు స్కానింగ్ చూపించారు. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది. "నేను మందు ఆపినందుకేనా అండీ?" అన్నాను. "అవునో కాదో ఎవరమూ చెప్పలేమమ్మా. ఇప్పుడు మాత్రం ఆపొద్దు" అన్నారు.

మందులు మార్చారు, ఛాతీకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు, మునుపటికంటే కష్టమైన నెలలు అవి. రక్తం తగ్గితే మన సంఘంలో యవ్వనస్థులే వచ్చి ఇచ్చారు. పాస్టరు గారికి నిజం చెబితే కోప్పడలేదు, "ప్రార్థనా చేద్దాం, మందూ వేయిద్దాం అమ్మా" అన్నారు. మా ఆయన పని మానుకుని పిల్లను భుజాన వేసుకుని వచ్చేవారు, ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. నా ప్రార్థన చిన్నదైపోయింది, "ప్రభువా, ఈ ఒక్క వారం వెళ్ళే బలం ఇవ్వు." ఇచ్చాడు! వారం వారం ఇచ్చాడు! మచ్చ కరిగిపోయింది, ఆఖరి ఇంజెక్షన్ అయి రెండేళ్ళు కావస్తోంది, మా హెప్సి ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. దేవునికే మహిమ!

భయం పోయిందా అంటే పోలేదు. వచ్చే నెల మళ్ళీ పరీక్షలు ఉన్నాయి, దయచేసి ప్రార్థన చేయండి. ఆ భయంతోనే వెళ్తాను, దేవుడు నాతో వస్తాడని నమ్ముతున్నాను. ఆయన సూదిమందుతో బాగుచేసినా బాగుచేసింది ఆయనే.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరైనా, బిడ్డకు గానీ మీకు గానీ మందు మధ్యలో ఆపేసి, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంటే ఆయన్ని నమ్ముకుని లేవండి. ఆరాధన అయ్యాక నా దగ్గరకు రండి, ఆడవాళ్ళ వైపు చివరి కిటికీ దగ్గర ఉంటాను. ఎందుకు ఆపారని అడగను. రేపు పొద్దున విజయవాడ బస్సు మీతోపాటు నేనూ ఎక్కుతాను.