అక్క పేకకు కొత్త అంచులు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అంచులాయన అంటే చాలు, చిన్నపిల్లలైనా బైండింగు కొట్టు దారి చూపిస్తారు. పుస్తకం కుట్టి అట్ట వెయ్యడం ఎవరైనా చేస్తారు. అంచు వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉన్నా ఈయనకు మాత్రం తిన్నది ఒంటబట్టదు. ఇంటికొచ్చిన ఉత్తరమైనా సరే, ముందు అంచు కత్తిరించి ఆ తర్వాతే చదువుతాడు. ఒకసారి ఎవరో డిగ్రీ పట్టాకు అట్ట కట్టమని ఇస్తే, కాగితం వంకరగా ఉందని సగం ముద్రతో సహా కోసిపారేశాడు. ఆ మనిషి కొట్టు ముందు నిలబడి నానా తిట్లూ తిట్టాడు. ఈయనకు చీమ కుట్టినట్టయినా లేదు. "వంకర పోయిందా లేదా, ముందు అది చెప్పండి" అన్నాడు. పనిమంతుడే, కాదనను. ఎదుటివాళ్ళు ఏం అడిగారో వినే అలవాటు మాత్రం ఆ చేతులకు ఎప్పుడూ లేదు.

లోకంలో ఆయన భయపడేది ఒక్క అక్కకే. పాలపళ్ళు ఊడకముందే తల్లి పోతే అక్కే తల్లయింది. లాడ్జిలో గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికి తమ్ముణ్ణి పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "వీడి ముక్కు తుడవడానికే తీరట్లేదు నాకు" అని నవ్వేసేది. అలా నవ్వుతుండగానే వయసు దాటిపోయింది. తమ్ముడూ చేసుకోలేదు. కొట్టూ, కొట్టు వెనక రెండు గదులూ, ఇద్దరు మనుషులూ, అంతే ఆ ఇల్లు.

ఆ లాడ్జిలోనే, నాటకాల కంపెనీ నటి ఒకావిడ గది ఖాళీ చేస్తూ చెక్కపెట్టె ఒకటి మరిచిపోయింది. దాన్నిండా బొమ్మల పేక. రాజులూ రాణులూ, కత్తులూ గిన్నెలూ, తలకిందులుగా వేలాడే మనిషీ, గుర్రమెక్కిన అస్థిపంజరమూ. జోస్యం చెప్పే టారో పేక అది. నటి మళ్ళీ రాలేదు. అక్క ఆ బొమ్మలను చూసి చూసి ఒక్కోదానికి ఒక్కో అర్థం కట్టుకుంది, అడిగినవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు చీపురు పక్కన పెట్టి, వెనక గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చుంది. మనసు బాగోలేనివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నన్నడిగితే ఆ బొమ్మల్లో ఎవరి రేపూ లేదు. మనిషి గొంతు వింటే లోపలి దిగులు పట్టేసే నేర్పు ఆవిడది. కానీ చేతిలో ముక్క లేనిదే ఆ నేర్పుకు నోరు పెగిలేది కాదు.

ఒకటే పట్టు ఆమెకు. "కాలూ చెయ్యీ ఆడినంతకాలం నా కూడు నేనే తింటాను. నువ్వు కూర్చోబెట్టి పెట్టే రోజు మాత్రం రానివ్వనురా" అనేది.

ఒక మధ్యాహ్నం పై వాటాలో కొత్తగా దిగినవాళ్ళు నీళ్ళు రావట్లేదని కుళాయి తిప్పి, కట్టెయ్యడం మరిచి బయటికి పోయారు. వాళ్ళు పోయాక నీళ్ళు వచ్చాయి. అక్క గది కప్పులోంచి ధారకట్టి, బల్ల మీద మూత తీసి ఉన్న పెట్టెను నింపేశాయి. అక్క ఆ పూట పక్కింటావిడతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుని పెట్టెలో చెయ్యి పెట్టింది. వేళ్ళు నీళ్ళలో మునిగాయి. గోడ పట్టుకుని కొట్టులోకి నడిచొచ్చి పెట్టెను తమ్ముడి చేతుల్లో పెట్టింది.

"బతుకుతాయంటావా?"

"కంగారు పడకక్కా. నేనున్నాను కదా."

"ఆరబెట్టు, చాలు. ఇంకేం చెయ్యకు. వింటున్నావా? ఆరబెట్టడం ఒక్కటే."

"సరేనక్కా" అన్నాడు, అప్పటికే పెట్టెలోకి తొంగిచూస్తూ.

ఎండలో పరిచెయ్యమని పక్కింటావిడ సలహా ఇచ్చింది. తప్పు తనదే కాబట్టి పై వాటాయన హెయిర్ డ్రయ్యరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అంచులాయన ఇద్దర్నీ కసిరి తలుపేసుకున్నాడు. ఎండ తగిలితే ముక్కలు డొప్పల్లా ముడుచుకుంటాయి. ఒకదానికొకటి అంటుకున్నవి అలాగే ఆరితే ఇక జన్మలో విడిపడవు. అందుకని ముద్దకట్టిన పేకను పళ్ళెంలో చన్నీళ్ళలో పెట్టి, ముక్క దానంతటది వదిలేదాకా కాచుకుని కూర్చున్నాడు. మొండికేసిన చోట పలచని ప్లాస్టిక్ రేకు దూర్చి ఊపిరి బిగబట్టి జరిపాడు. విడిపడిన ముక్కలను అద్దుడు కాగితాల మధ్య పేర్చి పైన ఇనుప దిమ్మలు పెట్టాడు. కాగితం తడిసినప్పుడల్లా మార్చాడు. చేతిలో ఉన్న పనులన్నీ పక్కకు నెట్టేశాడు. అస్థిపంజరం ఎక్కిన గుర్రానికి తోక పోయింది. మిగతావన్నీ దక్కాయి.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆరిన పేకను బల్ల మీద దొంతి పెట్టాక అంచులు చూశాడు. నీళ్ళకు పీచు లేచింది, అది సరే. దానితోపాటు ప్రతి ముక్కకూ గాట్లు. ఒకదానికి పైన రెండు, ఇంకోదానికి పక్కన మూడు, మరోదానికి మూల మడత. ఎలుకలు కొరికినట్టున్నాయనుకున్నాడు. ఇలాంటి ముక్కలు పట్టుకునా అక్క ఇన్నాళ్ళూ జనం ముందు కూర్చుందని ప్రాణం చివుక్కుమంది. లోకంలో అందరి అంచులూ దిద్దాడు, సొంత అక్క పేక మాత్రం ఏనాడూ చేతిలోకి తీసుకుని చూడలేదని సిగ్గేసింది. మడతలను ఒత్తి ఒత్తి చదును చేశాడు. పేకంతా కోత మెషిన్లో బిగించి నాలుగు వైపులా సన్నగా కోశాడు. మూలలు గుండ్రంగా తీశాడు. గాటన్నది లేకుండా పోయింది. తన బతుకులో అంత ముచ్చటగా ఏ పనీ చెయ్యలేదనుకుంటూ పేకను అక్క దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇదిగోనక్కా. పట్టుకుని చూడు."

అక్క పై ముక్క తీసుకుని బొటనవేలు అంచు చుట్టూ తిప్పింది. రెండోది తీసి తిప్పింది. మూడోది.

"అంచులు కోశావా?"

"అద్దంలా లేవూ? కొట్లో కొన్న కొత్త పేక కూడా ఇలా ఉండదు."

ఆమె ముక్కలను మళ్ళీ దొంతిలో పెట్టి మెల్లగా "బావున్నాయిరా" అంది. ఆ మెచ్చుకోలుకు మురిసిపోయి, ఈ పెద్దమనిషి గుమ్మానికి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు.

అంతలో కుట్టుమిషనావిడ వచ్చింది. మొగుడికి ఆపరేషనని, పేక ఎప్పుడు ఆరుతుందా అని రోజూ అడిగిపోతున్న మనిషి. పిన్నిగారూ అంటూ ఎదురుగా కూర్చుంది. అక్క పేక కలిపి, ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టింది. వేలు అంచు మీద ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది. నిలిచే చోటు దొరకలేదు.

"చక్రం పడింది తల్లీ. తిరుగుతుంది. మంచికే తిరుగుతుంది" అంది అక్క నవ్వుతూ.

కుట్టుమిషనావిడ ముందుకు వంగి చూసింది. "చక్రం ఏదీ పిన్నిగారూ? బురుజు మీద పిడుగు పడి మనుషులు పడిపోతున్నారే ఇందులో. అదీ మీ వైపుకి తలకిందులుగా ఉంది."

"అదే... అదేనమ్మా, దాని వెనకాల వచ్చేది చెబుతున్నా" అని అక్క ఏదో సర్దబోయింది. కుట్టుమిషనావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వస్తానని కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది.

అంచులాయన గుమ్మం వదిలి వచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొహంలోకి చూశాడు. ఆ కళ్ళు ఆయన భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి.

"ఎప్పట్నించక్కా?"

"మసకబారడం మొదలైనప్పుడే గోటితో గాట్లు పెట్టుకున్నాను. రాణికొకలా, రాజుకొకలా. చూపు పూర్తిగా పోయేసరికి వేలికి అలవాటైపోయింది. షుగరు కదా, ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెబితే ఏం చేస్తావు? పేక లాగేసుకుని మూల కూర్చోబెడతావు. వేళకింత పెడతావు. నీ సంగతి నాకు తెలీదా?"

నిజమే, ఆయన సరిగ్గా అదే చేసి ఉండేవాడు.

"నీ జుట్టు తెల్లబడిపోయిందటగా" అంది అక్క. "మొన్న పక్కింటావిడ చెబితే తెలిసింది."

ఆయన లేచి కొట్టులోకి వెళ్ళి చెత్తబుట్ట నేల మీద బోర్లించాడు. నూలుపోగుల్లాంటి కాగితం పీచు కుప్పగా పడింది. వెలుతురుకు పట్టి చూస్తే కొన్నింటికి గోటి గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. ఏది రాణిదో ఏది రాజుదో ఎవరు చెప్పగలరు? ఆ పీచును దోసిట్లో పట్టుకుని అరవై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆరబెట్టడం ఒక్కటే అని ఎంత విడమరిచి చెప్పింది! ఒక్క మాట వినుంటే.

కళ్ళు తుడుచుకుని, అట్టలు కోసే చిన్న కత్తి తీసుకుని వెనక గదిలోకి వచ్చాడు.

"చెప్పక్కా. రాణికి ఎక్కడ?"

"పైన. ఎడమ పక్కకి రెండు."

అంచు చెడగొట్టడం ఆ చెయ్యి ఎరగదు. కత్తిమొన ఆనించి ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి రెండు గాట్లు పెట్టి ముక్కను అక్క చేతికిచ్చాడు. ఆమె బొటనవేలు దాని మీదుగా జారింది. ఆగలేదు.

"పెట్టావా?"

"పెట్టానక్కా."

"పాతవి రోజూ తడిమి తడిమి బాగా లోతుపడ్డాయిలే. ఇప్పుడు వేళ్ళ కొసలు కూడా మొద్దుబారుతున్నాయి. ఇంకాస్త లోతుగా పెట్టు."

మళ్ళీ కోశాడు. ఆమె మళ్ళీ తడిమింది. బొటనవేలుతో కాక చూపుడువేలుతో, తర్వాత చిటికెనవేలుతో.

"ఇంకాస్త" అంది.

రాణి కిరీటం దాకా కోశాడు.