సినిమా వాళ్ళు వేసిన బంతి

ఆ కాలంలో మా రావల్కోల్‌లో మనుషులకు తీరిక ఎక్కువ, పట్టింపులు ఇంకా ఎక్కువ. బోరు నీళ్ళ వంతు దగ్గర బాపుకూ ఆయన తమ్ముడికీ, అంటే మా చిన్నాయనకూ చెడి, వాకిలి మధ్య గోడ లేచింది. అయినా చెప్పుకోవలసినవి ఉంటాయి కదా, అందుకు బర్రెలుండేవి. "మోటరు ఎప్పుడు బంద్ జేస్తరో అడుగే" అని బాపు తన బర్రెతో గట్టిగా అనేవాడు. పొద్దుగూకినంక అని చిన్నాయన గోడవతల తన బర్రెకు చెప్పేవాడు. (బర్రెలు మాత్రం నేరుగానే పలకరించుకునేవి.) మా అవ్వ ఇద్దరినీ మించింది. మా దగ్గర ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నారంటే పగ తీరినట్టే. కొడుకులు అలా తినేదాకా ఎవరింటి మెతుకూ ముట్టనని, గోడ చివర మూడు రాళ్ళు పెట్టుకుని విడిగా వండుకునేది. కొడుకులేమో పెళ్ళిళ్ళలో కూడా చెరో బంతికి లేచేవారు. పొగకు దగ్గుతూ అవ్వ నానాటికీ చిక్కిపోతుంటే నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు శామీర్‌పేట దగ్గర ఒక తోటలో షూటింగ్ దిగింది. విడిపోయిన ఓ వింత కుటుంబం చివరికి కలిసే కథట. ఆఖరి విందుకు ఊరి మనుషులు కావాలన్నారు. బాపు పోతున్నాడని తెలిసి చిన్నాయన బయల్దేరాడు, చిన్నాయన బయల్దేరాడని తెలిసి బాపు మీసానికి రంగేశాడు. మేడ్చల్ టాకీసులో ఒకరి మొహం పడి ఇంకొకరిది పడకపోతే పరువేం కావాలి? నాకు చెంబుతో నీళ్ళు పోస్తూ నడిచే పని దొరికింది. పదహారేళ్ళ దాన్ని, పౌడరు పట్టించి హీరోయిన్ని నేనే అనుకున్నాను.

డైరెక్టరుకు మా సంగతేం తెలుసు? పోలికలు చూసి అన్నదమ్ములను పక్కపక్కనే కూర్చోబెట్టాడు. లేస్తే సినిమా పోతుంది, కూర్చుంటే పంతం పోతుంది. అక్కడ బర్రె లేదు కాబట్టి, యాక్టింగు లెక్కకు రాదని ఇద్దరూ విడివిడిగా నాకే చెప్పారు. కెమెరా తిరిగింది. నేను దాని ముందుకు రాగానే నా తల దానంతటదే తిరిగి అందులోకి చూసింది. మళ్ళీ వడ్డించారు, మళ్ళీ చూశాను. డైరెక్టరు బతిమాలాడు, కోప్పడ్డాడు. పోరికి మెడ పట్టేసిందా అని జనం నవ్వారు. ఇద్దరూ తలలు వంచుకుని తింటూనే ఉన్నారు. పొద్దు వాలింది. చూస్తే చూడు తల్లీ, నడువు అని డైరెక్టరు నాకు దండం పెట్టి, ఈసారి తమ్ముడు అన్న నోట్లో ముద్ద పెట్టాలన్నాడు. పప్పు అయిపోయి, ఈసారి ఆకులో పడింది వంకాయ కూర.

ముద్ద కలిపిన చిన్నాయన చెయ్యి సగంలో ఆగింది.

"గిది వద్దు సార్. వంకాయ తింటే మా అన్నకు ఒళ్ళంత దద్దుర్లొస్తయి."

'మా అన్న' అనే మాట ఆ నోట విని ఎన్నేళ్ళయిందో! బాపు ఆకు వైపే చూస్తూ అన్నాడు:

"పెట్టనియ్యిండ్రి. గోక్కునేతందుకు చేతులున్నయి గద."

నోరు తెరిచి తిన్నాడు. చూడవచ్చిన జనంలోంచి అవ్వ లేచి, ఎవరినీ అడగకుండా నడిచొచ్చి వాళ్ళ మధ్య కూలబడి, తనకూ ఒక ఆకు వేయమంది. బాపు సిగ్గుపడి, "గిది యాక్టింగే అవ్వా" అని గొణిగాడు.

"వంకాయ యాక్టింగు గాదు గదరా" అని అవ్వ అన్నం కలుపుకుంది.

ఆపకండి, అలాగే కెమెరా తిప్పండి అన్నాడు డైరెక్టరు. ఆ తర్వాత బాపు గోక్కుంటూ మంచాన పడితే, వేపాకు నూరిన ముద్ద పట్టుకుని చిన్నాయన గోడ దాటి వచ్చాడు.

సినిమా మేడ్చల్‌కు వచ్చినప్పుడు అందరం ఒకే ట్రాక్టరులో పోయాం. మా విందు రెప్పపాటులో అయిపోయింది. బాపు మొహానికి నేను అడ్డం, చిన్నాయన మొహానికి నా చెంబు అడ్డం. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు (అంత ఐక్యంగా వాళ్ళు ఏ పనీ చేయలేదు). ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. ఆ పౌడరు పిల్ల చెంబు పట్టుకుని ఆత్రంగా నా కళ్ళలోకే చూస్తుంది. వెనక అవ్వ పెద్ద పెద్ద ముద్దలు తింటూ ఉంటుంది.

"నన్నేం జూస్తున్నవే, అవ్వకు పొలమారుతది, నీళ్ళు పోయ్" అంటాను దానితో.