క్యారేజి అత్త నడిచిన దారి

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో, నేనొక కథ రాసి ఒక మనిషి పని పోగొట్టాను. ఇన్నేళ్ళయినా ఆ మాట తలెత్తి చెప్పలేను.

మా ఇల్లు హన్మకొండలో, ములుగు రోడ్డు దగ్గర. నాన్న బట్టల దుకాణం వరంగల్ చౌరస్తాలో. మా ఇంట్లో పనిచేసే ఆమె రోజూ మధ్యాహ్నం నాన్నకు అన్నం క్యారేజి పట్టుకుని నడిచి వెళ్ళేది. పిల్లలం ఆమెను క్యారేజి అత్త అనేవాళ్ళం. నేను ఆ దారిన రిక్షాలో తప్ప పోయిందే లేదు. అయినా బడి పత్రికకు ఆమె నడక మీద కథ రాశాను. కథలో అత్త ప్రతి సినిమా పోస్టరు దగ్గరా ఆగుతుంది. క్యారేజి రోడ్డు పక్కన కింద పెట్టి గాజుల కొట్టు చూస్తుంది. ఊరంతా చుట్టబెట్టి తీరిగ్గా దుకాణం చేరుతుంది.

కథకు బహుమతి వచ్చింది. నాన్న దుకాణంలో అందరికీ చదివి వినిపించాడు. నవ్వుతూ మొదలుపెట్టినవాడు సగంలోనే మొహం ముడుచుకున్నాడు. తినే అన్నం రోడ్డు మీద పెట్టడమంటే మా ఇంట్లో చిన్న తప్పు కాదు. "అన్నం సల్లగ ఎందుకొస్తాందో ఇప్పుడు సమజైంది," అన్నాడు. మర్నాటి నుంచి అత్తను రావద్దన్నారు. అదంతా నేను కల్పించిందని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. బహుమతి వెనక్కి తీసుకుంటారేమోనని భయం. చూడండి నా బుద్ధి!

పక్కింటి అక్క వారపత్రికల్లో వచ్చే కథలన్నీ చదివేది. నా కథా చదివింది. తిట్టలేదు. ఒక సెలవు రోజు నా చేతికి మా నాన్న క్యారేజి ఇప్పించి, "దా, నీ కథల తిరిగినట్టే తిరుగుదాం. గనీ ఇది మాత్రం కింద పెట్టద్దు," అంది.

సగం దూరం పోకముందే వేళ్ళు ఒరుసుకుపోయాయి. ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకోవడమే సరిపోయింది. దారిలో పోస్టర్లు ఉన్నాయో లేవో చెప్పలేను, నీడ ఎక్కడుందో మాత్రం చెప్పగలను. దుకాణం చేరేసరికి క్యారేజి ఇంకా వేడిగానే ఉంది. నాన్న చీరల బేరంలో ఉన్నాడు. ఆ బేరం తెగి, మూత తీసేసరికి అన్నం చల్లారింది. అక్క నా వైపు చూసింది. అప్పుడైనా చెప్పాల్సింది.

చెప్పడానికి వారం పట్టింది. నాన్న నొచ్చుకుని కబురు పంపేసరికి అత్త ఇంకో ఇంట్లో కుదిరింది. నేనే అత్త వాళ్ళింటికి వెళ్ళి ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది.

"పనికేం ఫికర్ లేదు బిడ్డా, దొరికింది. గనీ నేనెన్నడన్న అన్నం కింద పెట్టిన్నా?"

ఇప్పటి నవలల్లో మనుషులు నగరంలో ఊరికే నడుస్తుంటారు. ఆ నడకలో ఒంటరితనం ఉందనీ, స్వేచ్ఛ ఉందనీ, ఆ వీధులన్నీ వాళ్ళ మనసులేననీ చదువుకున్నవాళ్ళు వ్యాసాలు రాస్తారు. నిజమే కావచ్చు, నాకూ ఆ నవలలు ఇష్టమే. కానీ ఒకరి నడకకు అర్థం చెప్పడం ఎక్కడ చూసినా నాకు సిగ్గు ముంచుకొస్తుంది. నేను ఆమెను ఒక్క మాట అడక్కుండా రాశాను. ఆమె నన్ను అడిగినప్పుడు మాత్రం, జవాబు తెలిసి కూడా, "లేదత్తా" అనలేకపోయాను.